గ్రావెల్ మట్టిలో వేప మొక్కలు ఎదగట్లేదు, వేళ్ళకి ఫంగస్ పౌడర్ వేస్తే పనిచేస్తుందా?

మధురవాడ మొక్కలోడు:

అందరికీ నమస్తే. మాది మధురవాడ దాటాక కొండ పక్కన లేఅవుట్, కొండ తొలిచి ఆ గ్రావెల్‌తోనే పల్లం కప్పేసి సైట్లు వేశారు. పోయినేడు జూలైలో వానలు పడ్డాక పన్నెండు వేప, ఆరు కానుగ పెట్టాం. అన్నీ ఒకే నర్సరీ, ఒకే రోజు, ఒకే సైజు కవర్లు. గేటు పక్కన పాత చింతచెట్టు ఒకటుంది (ఎందుకో కొట్టకుండా వదిలేశారు, హుద్‌హుద్‌కి కూడా ఒక్క కొమ్మే పోయింది), దాని దగ్గర్లో పెట్టిన నాలుగు వేపలూ నా భుజం దాటిపోయాయి, అవతల గ్రావెల్ మీద పెట్టిన ఎనిమిదీ మాత్రం మూరెడు దగ్గరే ఆగిపోయాయి, కింది ఆకుల అంచులు ఊదా రంగు తిరిగాయి. నీళ్ళు అన్నిటికీ ఒకే పైపు, ఒకే టైం.

ఎరువుల షాపులో అడిగితే "వామ్" అని ఒక బస్తా అంటగట్టాడు, వేళ్ళకి ఫంగస్ పట్టి మొక్క దూసుకుపోద్ది అన్నాడు. మొదలు చుట్టూ పైన చల్లేసి, పనిలో పనిగా తలా గుప్పెడు డీఏపీ కూడా వేశాను. మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు.

వేళ్ళకి ఫంగస్ అంటే మా అమ్మ వెళ్ళి కాళ్ళకి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చిచ్చింది, మా ఇంట్లో నాలెడ్జి అంత. అసలు ఫంగస్ పడితే చెట్టుకి మంచేనా? ఇంకోటి, చింతచెట్టే ఆ చిన్న మొక్కలకి వేళ్ళలోంచి తిండి పంపిస్తోందని మా తమ్ముడు ఏదో వీడియో చూసి ఒకటే వాదన. నిజమా?

బోటనీ బెంచి:

అన్నయ్యా, వామ్ వేసి దాని మీదే డీఏపీ వెయ్యడం అంటే చుట్టాన్ని భోజనానికి పిలిచి తలుపు గడియ పెట్టుకోవడమే. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదవుద్ది.

వామ్‌లో ఉండేది వేళ్ళతో కలిసి బతికే ఫంగస్, జబ్బు చేసే ఫంగస్ కాదు. 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే ఆయన దీనికి మైకోరైజా అని పేరు పెట్టాడు, ఫంగస్-వేరు అని అర్థం. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగుని పండించే దారి చూడమని ప్రష్యా ప్రభుత్వం పెట్టిన పని అది, ట్రఫుల్ సంగతేమో గానీ చెట్ల వేళ్ళ చుట్టూ ఫంగస్ కాపురం ఉందని బయటపడింది. వేప, చింత, మామిడి, జీడిమామిడి లాంటి మన చెట్లలో ఉండేది ఇంకో రకం, వేరు బయట కాదు, వేరు కణాల్లోకే దూరి అక్కడ బుల్లి చెట్టులాగ కొమ్మలు కొమ్మలుగా చీలుద్ది. దాన్నే ఆర్బస్క్యూల్ అంటారు, మీ వామ్ బస్తాలో ఉండాల్సింది ఈ రకమే. ఇచ్చిపుచ్చుకోవడం అంతా అక్కడే, మొక్క చక్కెరా కొవ్వూ ఇస్తుంది, ఫంగస్ ఫాస్ఫరస్ ఇస్తుంది. మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న కార్బన్‌లో 4 నుంచి 20 శాతం దాకా ఈ అద్దెకే పోద్దని లెక్క. 40 కోట్ల ఏళ్ళ నాటి స్కాట్లండ్ శిలాజాల్లో కూడా ఈ బుల్లి చెట్లు కనిపించాయి, ఆ మొక్కలకి ఇంకా సరైన వేళ్ళే లేవు.

ఇప్పుడు మీ గ్రావెల్ సంగతి. ఇలాంటి ఎర్రమట్టిలో ఐరన్, అల్యూమినియం ఎక్కువ, ఫాస్ఫరస్‌ని గట్టిగా పట్టేసుకుంటాయి, మట్టిలో ఉన్నా మొక్కకి అందదు. పైగా ఫాస్ఫేట్ మట్టిలో నత్తనడక నడుస్తుంది, వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక అక్కడ ఖాళీ. ఫంగస్ దారాలు వేరు నూగు కంటే సన్నం, ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల కొద్దీ పాక్కుంటూ వెళ్ళి పట్టుకొస్తాయి. కొండ లోపల్నుంచి తవ్విన మట్టిలో ఆ దారాలూ ఉండవు, స్పోర్లూ (ఫంగస్‌కి విత్తనాల్లాంటివి) ఉండవు, అవన్నీ వేళ్ళుండే పైమట్టి సరుకు.

డీఏపీ ఎందుకు వద్దన్నానంటే, మొక్కకి ఫాస్ఫరస్ తక్కువైనప్పుడు వేళ్ళలోంచి స్ట్రైగోలాక్టోన్ అని ఒక పదార్థం వదుల్తుంది, ఆ వాసనకే ఫంగస్ కొమ్మలేసుకుంటూ వేరు వైపు వస్తుందని 2005లో జపాన్ వాళ్ళు తేల్చారు. డీఏపీలో 46 శాతం ఫాస్ఫేట్, కడుపు నిండిన మొక్క ఇంకెవర్ని పిలుస్తుంది? తమాషా ఏంటంటే జొన్న చేలో వేళ్ళ మీద బతికే మల్లె కలుపు ఉంది చూడండి, దాని విత్తనం కూడా ఇదే వాసన పట్టి మొలుస్తుంది. స్నేహితుణ్ణి పిలిస్తే దొంగ కూడా వచ్చినట్టు.

ఇంకో తప్పు, పైన చల్లడం. అది వేరుకి తగలాలి, నాటేటప్పుడే గుంతలో వెయ్యాలి. ఇది తోటకూర, ఆవ, క్యాబేజీలకి వేస్తే మాత్రం డబ్బు దండగ, వాటికి ఈ ఫంగస్‌తో సంబంధం లేదు.

సరుగుడు మాస్టారు:

ఏటి బాబూ, అంత సదువు చెప్తే ఆ కుర్రోడు భయపడిపోడా. నేను భీమిలి అవతల ఇసక నేలలో సరుగుడు వేస్తాను, నాకు తెలిసింది చెప్తాను. బస్తాలు కొనకు. బాగా ఎదిగిన పాత చెట్టు మొదట్లో పైన ఆకు పక్కకి తోసి, జానెడు లోతు లోపల సన్న వేళ్ళతో సహా మట్టి తీసి, కొత్త గుంతలో వేళ్ళకి తగిలేలా రెండు దోసిళ్ళు వెయ్యి. నర్సరీలో మేం చేసేది అదే. సరుగుడుకైతే ఇంకోటుంది, వేళ్ళకి పగడపు దుబ్బులాగ గట్టి బుడిపెలు ఉంటాయి, అవి కోసుకొచ్చి దంచి నీళ్ళలో కలిపి నారు మీద పోస్తాం. నేనూ దాన్ని ఫంగసే అనుకునేవోణ్ణి, అది ఫ్రాంకియా అని బ్యాక్టీరియా అంట, గాల్లో నత్రజని పట్టి ఇస్తుందంట, వేరుశనగ బుడిపెల్లాగే కానీ జాతి వేరు. వట్టి ఇసకలో సరుగుడు అంత ఎత్తు లేవడానికి బుడిపెలూ ఫంగసూ రెండూ కలిసే పనిచేస్తాయి.

జబ్బు చెట్టు కింద మట్టి మాత్రం తేకు, చెదా నులిపురుగూ కూడా దాంతోనే వస్తాయి. నర్సరీ వాడు కుళ్ళు మందు పోశాడేమో కూడా అడుగు.

బోటనీ బెంచి:

మాస్టారు చెప్పింది కరెక్టే, కార్బెండజిమ్ లాంటి కుళ్ళు మందు పోస్తే జబ్బు ఫంగస్‌తో పాటు ఈ ఫంగసూ దెబ్బతింటుంది. వామ్ పౌడర్ నాణ్యత తేడాగా ఎందుకుంటుందంటే ఈ ఫంగస్ వేరు లేకుండా బతకదు, ఈస్ట్‌లాగ సీసాలో పెంచలేం. ఢిల్లీలో టెరీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు క్యారెట్ వేళ్ళని గాజు పళ్ళేల్లో పెంచి వాటి మీద దీన్ని పెంచే పద్ధతి పెట్టారు. ఊరికే మట్టి, బొగ్గుపొడి కలిపి వామ్ అని అమ్మితే కంటికి తేడా తెలీదు, షాపు వాడికీ తెలీదు.

మీ వేళ్ళలో ఉందో లేదో చూడాలంటే సన్న వేళ్ళు పావు చెంచాడు ఇవ్వండి, మా ల్యాబ్‌లో చూస్తాను. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి (ఇంట్లో వద్దు, చర్మం కాలుతుంది), కడిగి, వెనిగర్‌లో మామూలు పెన్ను ఇంకు కలిపి మూడు నిమిషాలు మరిగిస్తే ఫంగస్ ఒక్కటే నీలంగా తేలుద్ది. వేప వేరు గోధుమ రంగు కదా, తేటపడటానికి టైం పడుతుంది.

కంచరపాలెం కుర్రాడు:

తమ్ముడి వీడియో గురించి నేను చెప్తా, ఎందుకంటే నేనూ ఆ గోతిలో పడ్డవాణ్ణే. దాని మూలం 1997లో నేచర్‌లో వచ్చిన సుజాన్ సిమార్డ్ పేపర్. కెనడా అడవిలో బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కలకి ఎక్కడికెళ్ళినా గుర్తుపట్టగలిగే కార్బన్ ఇచ్చి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి చేరిందని చూపించారు. ఆ పేపర్ మంచిదే. దాన్నుంచి తల్లిచెట్టు పిల్లచెట్టుకి పాలిస్తోంది, కబుర్లు చెప్తోంది అని కథలు అల్లేశారు. 2023లో కార్స్ట్, జోన్స్, హోక్సెమా అని ఇదే సబ్జెక్టులో ఏళ్ళుగా పనిచేసినవాళ్ళే పాత పరిశోధనలన్నీ తిరగేసి, అడవిలో దీనికి సాక్ష్యం బలంగా లేదు, కొంత కార్బన్ మట్టి దారిలో కూడా పోయుండొచ్చు అన్నారు. కాబట్టి చింతచెట్టు వేపని సాకుతోంది అనను. చింత కింద బతికున్న ఫంగస్, కుళ్ళిన ఆకు, కదపని పైమట్టి ఉన్నాయి, మొక్క వాటిలో పడింది, అంతే.

ఫంగస్ లేకపోతే ఏమవుద్దో చూడాలంటే పైన్ చెట్లు. మనం అరకు వెళ్ళి ఫోటోలు దిగే జాతి. పోర్టో రికోలో ఏళ్ళ తరబడి విత్తనాలు వేస్తే మొలిచి, కాస్త లేచి, పసుపు పచ్చబడి చచ్చేవి. 1950లలో అమెరికా పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే నిలబడ్డాయి.

అన్నట్టు మనం పుట్టగొడుగు అంటాం కదా, పుట్ట మీద లేచే ఆ గొడుగు చెట్టు వేరుది కాదు, చెదపురుగులు లోపల సాగు చేసుకునేది. మన పేరు పెట్టినోడు మాత్రం కళ్ళారా చూసే పెట్టాడు. ఇంకో మాట, మంచి మట్టి అని కంబాలకొండ వెళ్ళి తవ్వకండి, అది శాంక్చురీ.

మధురవాడ మొక్కలోడు:

అందరికీ థాంక్స్. డీఏపీ ఆపేశాను. గ్రావెల్ మీదున్న ఎనిమిది వేపల్లో నాలుగింటికి చింతకింద మట్టి వేరుకి తగిలేలా పక్కన గుచ్చి వేస్తా, నాలుగు అలాగే వదిలేస్తా, దసరాకి కొలిచి పెడతా. సరేనా?

బోటనీ బెంచి:

సరిపోదు అన్నయ్యా. మట్టితో పాటు ఎరువు కూడా వెళ్తుంది కదా, పెరిగితే అది ఫంగస్ వల్లో ఎరువు వల్లో ఎలా తెలుస్తుంది? మిగతా నాలుగింటికి కూడా అదే మట్టి అంతే వెయ్యండి, కాకపోతే అందులో ఫంగస్ చచ్చేలా కుక్కర్‌లో గంట ఉడికించి, మర్నాడు ఇంకోసారి ఉడికించి, చల్లారాక. వాటికి కూడా పక్కన అలాగే గుచ్చాలి.

మధురవాడ మొక్కలోడు:

మట్టి కుక్కర్‌లో అనగానే అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. బేరం కుదిరింది, అటక మీద పాత ఐదు లీటర్లది ఇస్తానంది, గ్యాస్కెట్ నేనే కొనుక్కోవాలంట.