కొత్త మోడల్ లగ్జరీ కార్లలో పాత సౌకర్యాలు ఉండటం లేదు – బుక్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (పాలకొల్లు నుంచి)

అందరికీ నమస్కారమండి. నాన్నగారి కోసం 2018లో ఒక జర్మన్ సెడాన్ కొన్నాం. ఇప్పటికీ ఆయనే నడుపుతారు, రోజూ రొయ్యల చెరువుల దగ్గరకు దాంట్లోనే వెళ్తారు. మారుద్దామని విజయవాడలో రెండు మూడు కంపెనీల షోరూములు తిరిగాం. ధరలు బాగా పెరిగాయి, స్క్రీన్లు పెద్దవయ్యాయి. కానీ ఒకదాంట్లో ఏసీ బటన్లు లేవు, ఇంకోదాంట్లో స్క్రీన్‌ని ముట్టుకోకుండా నడిపేందుకు గేరు పక్కన ఉండే తిప్పే నాబ్ లేదు, మరోదాంట్లో డిక్కీ ఎత్తి చూస్తే స్టెప్నీ లేదు. నాన్నగారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా ఆ నాబ్‌తోనే అన్నీ చేసుకుంటారు. అడిగితే "ఇప్పుడంతా టచ్, వాయిస్ సార్" అంటున్నారు. ఇంత డబ్బు పెట్టి, ఉన్నవి పోగొట్టుకోవడమేంటో అర్థం కావడం లేదు. లేనివి తర్వాత వేయించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (అమలాపురం నుంచి)

మీరు చూసింది నిజమేనండి. ఒక్క కంపెనీ సంగతి కూడా కాదు. ఆడి ఏ4 పాత కార్లో గేరు పక్కన నాబ్ ఉండేది. 2021 జనవరిలో మన దేశానికి వచ్చిన మార్పుల మోడల్‌లో అది తీసేసి టచ్ స్క్రీన్ పెట్టారు. బీఎండబ్ల్యూ ఎక్స్1 కూడా అంతే, 2023లో కొత్త తరం వచ్చాక నాబ్ పోయింది, ఏసీ స్క్రీన్‌లోకి వెళ్లిపోయింది. 2023లో వచ్చిన టెస్లా మోడల్ 3లో అయితే ఇండికేటర్ కాడ కూడా తీసేసి, స్టీరింగ్ మీద బటన్లు పెట్టారు.

కారణం ప్రధానంగా ఖర్చు. ఒక్కో స్విచ్‌కి అచ్చు, వైరింగ్, పరీక్షలు వేరువేరుగా కావాలి. స్క్రీన్ ఎలాగూ పెడుతున్నారు కాబట్టి అన్నీ దాంట్లోకి తోసేస్తే చవక, పైగా ఒకే సాఫ్ట్‌వేర్ చాలా మోడళ్లకు సరిపోతుంది. 2021, 2022లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు కొన్ని కార్లను ఫీచర్లు తగ్గించే అమ్మారు. పాత మోడల్ అనుకుని సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆ రెండేళ్ల కార్లను ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

పోయినవన్నీ బాధపడాల్సినవి కావు. గాల్లో చెయ్యి ఊపితే సౌండ్ పెరిగే జెశ్చర్ కంట్రోల్‌ని బీఎండబ్ల్యూ కొత్త మోడళ్లలో ఆపేస్తోంది. అది లేకపోతే మీ నాన్నగారికి ఏ నష్టమూ లేదు. బటన్ల విషయం మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను. 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక పరీక్ష పెట్టింది. 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఏసీ, రేడియో లాంటి నాలుగు పనులు చేయాలి. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోగా కారు 306 మీటర్లు వెళ్లింది. అన్నిటికంటే వెనకబడిన కొత్త టచ్ స్క్రీన్ కారు అవే పనులకు 1,372 మీటర్లు వెళ్లింది. కిలోమీటరు దాటి దృష్టి చెదురుతూ ఉందన్నమాట. ఐరోపాలో కార్లకు భద్రతా స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, అత్యవసర కాల్‌కి విడిగా చేత్తో నొక్కే స్విచ్‌లు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది. ఏసీ ఆ జాబితాలో లేదు, కాబట్టి అది మనమే చూసుకోవాలి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. టచ్ స్క్రీన్ వేలికుండే విద్యుత్ లక్షణాన్ని పసిగట్టి పనిచేస్తుంది, తడి తగిలితే తికమకపడుతుంది. చెరువు దగ్గర చెయ్యి కడుక్కుని ఎక్కినా, మే నెలలో చెమట చేత్తో ముట్టుకున్నా ఒకటి నొక్కితే ఇంకోటి పడొచ్చు. గతుకుల్లో వేలు కుదురుగా ఉండదు. కాలువ గట్టు మీద ధాన్యం ట్రాక్టర్ ఎదురొస్తే సైడు అద్దాలు వెంటనే మడవాలి. వానాకాలంలో కారు ముందు అద్దం మీద ఆవిరి పడితే వెంటనే పోగొట్టాలి. ఈ రెండింటికీ బటన్ ఉందో, స్క్రీన్‌లో మెనూలోకి వెళ్లాలో తప్పకుండా చూడండి.

స్టెప్నీ గురించి. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి తగ్గితే చెప్పే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా చట్టప్రకారం తప్పు కాదు. కానీ ఆ కిట్ మేకు గుచ్చుకుంటే పనికొస్తుంది గానీ టైరు పక్క గోడ చీలితే పనికిరాదు, గట్ల మీద రాళ్లకు చీలేది అక్కడే. రన్‌ఫ్లాట్ టైర్లయితే గాలి పోయాక కూడా మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా, దాదాపు 80 కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చు. పాలకొల్లు నుంచి భీమవరానికో రాజమండ్రికో చేరతారు, కానీ ఆ సైజు టైరు అక్కడ దొరుకుతుందా అన్నది ముందే వాకబు చేయాలి. సన్న స్టెప్నీ యాక్సెసరీగా ఇస్తారేమో అడగండి, ఇస్తే డిక్కీలో ఎక్కడ పెడతారో కళ్లతో చూడండి. సామాన్ల జాగా అంతా అదే తినేస్తుంటే ఏం లాభం?

ఇక తర్వాత వేయించుకోవడం. వెనక సీటు తెరలు, స్టెప్నీ లాంటివి కుదరొచ్చు. నాబ్, ఏసీ బటన్లు కుదరవు, వాటికి వైరింగూ సాఫ్ట్‌వేరూ లోపల ఉండాలి. బయట కోడింగ్ చేసి ఫీచర్లు తెరుస్తామనే వాళ్ల దగ్గరకు వెళ్లకండి, వారంటీకి ఇబ్బంది అవుతుంది. "ఈ ఫీచర్ ఉచితమా, కొన్నేళ్ల తర్వాత చందా కట్టాలా?" అని కూడా అడగండి. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో వేడి సీట్లకు నెల చందా పెట్టి, జనం తిరగబడ్డాక 2023లో మానుకుంది.

జవాబు (భీమవరం నుంచి)

పై గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. యూట్యూబ్‌లో విదేశీ రివ్యూలు చూసి వెళ్లకండి, మన దేశానికి వచ్చే వేరియంట్‌లో సరంజామా వేరు. బ్రోషర్ కింద చిన్న అక్షరాల్లో "ఫీచర్లు మారవచ్చు" అని కూడా ఉంటుంది. అందుకని మీకు కావలసినవి రాసి, వేరియంట్ పేరు, కారు తయారైన నెల, సంవత్సరంతో సహా బుకింగ్ ఫారం మీదే సంతకం పెట్టించుకోండి. రిజిస్ట్రేషన్‌కి ముందే ఆ కాగితం చేతిలో పట్టుకుని కారు చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక వాదించడం చాలా కష్టం.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండి. వాయిస్‌తో అయిపోతుందన్న మాట నమ్మొచ్చా? నాన్నగారికి ఇంగ్లీషులో ఆర్డర్లు ఇవ్వడం అలవాటు లేదు.

జవాబు (అమలాపురం నుంచి)

షోరూములో సేల్స్ కుర్రాడు మాట్లాడితే కాదండి, నాన్నగారిని మాట్లాడమనండి, తెలుగులోనే. అద్దాలు కాస్త దింపి, ఫ్యాను ఫుల్లు పెట్టి చూడండి. టెస్ట్ డ్రైవ్ కూడా మీరు కాకుండా ఆయనే చేయాలి. వెళ్లే ముందు ఒక రోజు పాత కార్లో పక్కన కూర్చుని ఆయన చెయ్యి దేని మీదకు వెళ్తుందో రాసుకోండి, కొత్త కార్లో అవన్నీ నడుపుతూ చేయించండి. కారు ఇంటికి పంపమని అడగండి, చాలామంది డీలర్లు పంపుతారు. వస్తే హైవే మీద కాదు, మీ చెరువులకు వెళ్లే గట్టు మీదే తిప్పించండి. అక్కడ నాన్నగారికి చికాకు కలిగితే ఇప్పుడున్న కారుకి బ్యాటరీ, సస్పెన్షన్, ఏసీ బాగు చేయించి ఇంకొన్నాళ్లు వాడుకోండి. మారుస్తున్న మొత్తంతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.