క్వారీ పర్మిట్, నేల పునరుద్ధరణ, పూచీకత్తు: చేసినవాళ్లు అనుభవాలు చెప్పండి

కొత్త క్వారీ
అందరికీ నమస్కారం. ఇన్నేళ్లూ వేరేవాళ్ల క్వారీల్లో టిప్పర్లు తిప్పినవాణ్ని. ఇప్పుడు తమ్ముడూ నేనూ కలిసి సొంతంగా రాయి క్వారీ పర్మిట్‌కి దరఖాస్తు పెడుతున్నాం. చిన్నదే, పన్నెండు ఎకరాలు. భూమి కాగితాలు, మ్యాపులు, బ్లాస్టింగ్ ప్లాను అన్నీ సర్దుకున్నాం. పునరుద్ధరణ ప్లాను దగ్గర ఆగిపోయాం. తవ్వకం అయ్యాక ఈ నేలను ఏం చేస్తారు అన్నచోట మా కన్సల్టెంటు "మొక్కలు నాటబడును" అని ఒక్క ముక్క రాశాడు. దరఖాస్తు తిరిగొచ్చింది. దానికితోడు పూచీకత్తుగా బ్యాంకు గ్యారంటీ అడుగుతున్నారు. ఒక్క లోడు కూడా అమ్మకముందే అంత సొమ్ము ఎందుకు ఇరికించుకోవాలి? అది మళ్లీ చేతికొస్తుందా?

బెంచి మీద మనిషి
తమ్ముడూ, ఇరవై రెండేళ్లు గనుల్లో మేనేజరుగా చేశాను. పూచీకత్తు లెక్క ఎలా కడతారో తెలిస్తే నీ కోపం తగ్గుతుంది. నువ్వు రేపు చేతులెత్తేస్తే, బయట నుంచి ఇంకో కాంట్రాక్టరు డోజర్లు తెచ్చుకుని ఆ గొయ్యి సరిచేయడానికి ఎంతవుతుందో అంత. నీ సొంత బండ్లు ఉన్నాయి కాబట్టి నీకు తక్కువలో అయిపోతుందన్న మాట అక్కడ చెల్లదు. బండ్లు తీసుకుని వెళ్లిపోయినవాడి గురించే కదా ఆ లెక్క!

అమెరికాలో బొగ్గు ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) కోసం 1977లో తెచ్చిన చట్టం చూడు. పూచీకత్తు విడుదల మూడు దశల్లో. గొయ్యి పూడ్చి, వాలు సరిచేసి, నీటి దారులు కుదిర్చాక 60 శాతం దాకా వదులుతారు. పచ్చదనం నిలదొక్కుకున్నాక ఇంకొంత. మిగతాది అయిదేళ్లు ఆగాకే, వాన బాగా తక్కువ పడేచోట అయితే పదేళ్లు. అన్ని దేశాల రూల్సూ ఇలాగే ఉండవు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2012 చట్టం ప్రకారం చాలామంది ఆపరేటర్లు ఏటా ఒక ఉమ్మడి నిధికి కడతారు, తమ పునరుద్ధరణ ఖర్చు అంచనాలో ఒక శాతం చొప్పున. అది తిరిగిరాదు, కానీ పెద్ద మొత్తం ఇరుక్కుపోదు.

నీకు పనికొచ్చే మాట ఒకటే. పన్నెండు ఎకరాలూ ఒకేసారి తెరవకు. మూడు ముక్కలు చెయ్యి. రెండోది తెరిచేటప్పటికి మొదటిది పూడుతూ ఉండాలి. చాలాచోట్ల పూచీకత్తు తెరిచిన విస్తీర్ణాన్ని బట్టే లెక్క కడతారు, మీ ఆఫీసులో కనుక్కో. పైగా ఒక ముక్కలో తీసిన పనికిరాని రాయి పక్క ముక్క గొయ్యిలోకే పోతుంది. ఒకే రాయిని రెండుసార్లు టిప్పరుకెత్తే ఖర్చు ఎంతో నీకు నేను చెప్పాలా?

పాత సర్వేయరు
పలుగు పడకముందే చుట్టుపక్కల బావుల నీటి మట్టం, నీటి రంగు, ఇళ్ల గోడల బీటలు ఫొటోలతో సహా రాసి, ఇంటివాళ్ల సంతకాలు తీసుకోండి. వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి. అయిదేళ్ల తరవాత వచ్చే గొడవల్లో సగానికి జవాబు ఆ కాగితాల్లోనే ఉంటుంది.

నేల చూసే అక్క
నేను నేలల మీద పనిచేస్తాను. "మొక్కలు నాటబడును" అన్న మాట ఎన్ని ప్లానుల్లో చూశానో లెక్కలేదు. ఎందులో నాటుతారు? అది రాయండి ముందు.

ఒక క్వారీలో ఆరేళ్లనాటి పైమట్టి కుప్ప తెరిపించాను. రెండు మనిషెత్తులు ఉంది. పైన జానెడు లోతు వరకు గోధుమ రంగు, వేళ్లు, ఒకటో రెండో వానపాములు. అక్కణ్నుంచి లోపలికి బూడిద నీలం రంగు ముద్ద. చేత్తో తీస్తే మురుగు కంపు. గాలి ఆడక లోపలి జీవమంతా చచ్చిపోయింది. ఆ యజమాని పాపం మోసం చేసినవాడేం కాదు. మట్టి దాచమన్నారు, దాచాడు. ఎలా దాచాలో ఎవరూ చెప్పలేదు.

అందుకని: పైమట్టి వేరు, దాని కింది మట్టి వేరు, రెండూ కలపొద్దు. కుప్ప మనిషెత్తు దాటొద్దు. దాని మీద బండి ఎక్కించొద్దు. వేసిన వారంలోనే జనుమో జీలుగో చల్లండి. అన్నిటికన్నా మేలు అసలు కుప్ప వెయ్యకపోవడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో జర్రా అనే ఒక రకం యూకలిప్టస్ చెట్ల అడవుల్లో బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వేచోట, కొత్త గుంట మీద గీరిన పైమట్టిని వీలైనంతవరకు నేరుగా పూడ్చిన గుంట మీదికే తీసుకెళ్లి పరుస్తారు. అడవి విత్తనాలు ఎక్కువగా ఉండేది పైన రెండు మూడు అంగుళాల్లోనే. కుప్పలో మగ్గితే అవి పోతాయి. బెంచి అన్న చెప్పిన మూడు ముక్కల పద్ధతి ఇందుకూ పనికొస్తుంది.

రెండో సంగతి, ఇది మరీ ముఖ్యం. పూడ్చిన నేలని రోలరుతో అణగదొక్కి నున్నగా చేసి చూపిస్తారు, తనిఖీకి వచ్చినవాళ్లకి కంటికి ఇంపుగా ఉంటుందని. అమెరికా అపలాచియా కొండల్లోని బొగ్గు గనుల్లో, బెంచి అన్న చెప్పిన 1977 చట్టం తరవాత సరిగ్గా ఇదే జరిగింది. వాలు జారకూడదని గట్టిగా తొక్కించి గడ్డి చల్లారు. పచ్చగానే ఉంది, కాగితాల ప్రకారం పాసైంది. చెట్లు మాత్రం ఎదగలేదు, వేరు దిగితేగా! ఇప్పుడక్కడ కొత్త పద్ధతి చెబుతున్నారు: పైన నాలుగడుగులు వదులుగా, గరుగ్గా వదిలెయ్యి, పోటీపడే గడ్డి తగ్గించు, తరవాత చెట్లు నాటు. చూడ్డానికి ఎగుడుదిగుడుగా ఉంటుంది. వాన నీరు ఆ గుంటల్లోనే ఇంకుతుంది. నాకైతే ఆ గరుకు నేలే అందంగా కనిపిస్తుంది.

గుట్ట కింద రైతు
నేను మీ పక్షం కాదు. క్వారీ కింద నాకు రెండెకరాలుంది. మూడేళ్ల కిందట ఒక రాత్రి వానకి డంపు (పనికిరాని రాయి పోసే కుప్ప) మీద నుంచి కొట్టుకొచ్చిన రాతిపొడి నా మడిలో చీలమండ లోతు పేరుకుంది. ఎండాక సిమెంటు పలకలా బిగిసింది. నాగలి దిగలేదు. పరిహారం ఇచ్చారు, కాదనను. కానీ ఆ మడిని మళ్లీ మడిలా చెయ్యడానికి రెండు పంటకాలాలు పట్టింది. ప్లాను రాసేటప్పుడు గుట్ట దిగి, మా గట్టు మీద నిలబడి ఒకసారి పైకి చూడండి బాబూ.

బెంచి మీద మనిషి
అయ్యా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్ల సంగతి నేను మొదటే చెప్పాల్సింది. డంపు చుట్టూ కాలువ, కాలువ చివర పొడి కిందికి దిగేలా గుంట, ఆ గుంటని వానలకు ముందే తోడించడం. ఇవి లేకుండా ఒక్క టిప్పరు కూడా డంపు మీద పొయ్యకూడదు.

డంపుకి చోటు చూసేటప్పుడు కింద ఊట ఉందేమో తప్పకుండా చూడాలి. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల కుప్పని ఊటల మీదే పోశారు. అది నీరు తాగి జారి కింద ఉన్న బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. నా దగ్గర చేరిన ప్రతి కుర్ర ఇంజనీరుకీ మొదటిరోజు చెప్పింది ఇదే.

కొత్త క్వారీ
రైతు గారూ, రేపే దిగి చూస్తాం. మా కింద కూడా నాలుగు మళ్లు ఉన్నాయి. ఇంకో సందేహం. చివరి గొయ్యి పూడ్చడానికి మట్టి చాలదు, చెరువుగా వదిలేస్తాం అని రాస్తే ఒప్పుకుంటారా?

పాత సర్వేయరు
ఒప్పుకునేచోట ఒప్పుకుంటారు, కానీ అది తేలిక దారి కాదు. జర్మనీలో నాఖ్టర్‌స్టెట్ దగ్గర పాత లిగ్నైట్ (గోధుమ బొగ్గు) గనిని నీటితో నింపుతుండగా, 2009 జులైలో గట్టు జారి ఇళ్లు సరస్సులో పడ్డాయి. ముగ్గురు పోయారు. అది వదులు మట్టి, మీది గట్టి రాయి, నిజమే. అయినా గొయ్యి అంచున పైనున్న మట్టిపొర వాలు తగ్గించాలి, మనిషైనా పశువైనా జారిపడితే ఎక్కి రాగలిగే ఒడ్డు ఒక వైపైనా ఉండాలి.

నేల చూసే అక్క
రాయిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉందేమో పరీక్ష చేయించండి. గాలి, నీరు తగిలితే ఆమ్లం ఊరుతుంది. అమెరికా మోంటానాలోని బర్కిలీ పిట్ అనే రాగి గనిలో 1982లో పంపులు ఆపారు, గొయ్యి ఆమ్లపు నీటితో నిండుతూ వచ్చింది. 1995లో ఆ నీటి మీద వాలిన మంచు బాతులు వందల్లో చచ్చిపోయాయి. అక్కడి నీటిని ఇప్పటికీ శుద్ధి చేస్తూనే ఉండాలి. మీ రాయి మామూలు గ్రానైటే అయితే ఆ బెడద ఉండకపోవచ్చు, కానీ పరీక్ష కాగితం ఫైల్లో ఉండాలి.

మూడో ఏడు
నా పూచీకత్తు సొమ్ము ఇంకా ఇరుక్కునే ఉంది, అందుకే రాస్తున్నా. మొక్కలు నాటాం, కంచె వెయ్యలేదు. మేకలు మేసేశాయి. మళ్లీ నాటితే లెక్క మళ్లీ మొదటి ఏడు నుంచే అన్నారు. అప్పుడు నాకు చాలా బాధేసింది. కంచె ఖర్చు, నీళ్లుపోసే మనిషి జీతం, చచ్చిన మొక్కల బదులు నాటడం, ఈ మూడూ ప్లానులోనే రాసుకోండి.

కొత్త క్వారీ
తమ్ముడూ నేనూ గుట్ట దిగి మళ్ల గట్టు మీద నిలబడి చూశాం. డంపుకి గీసిన చోటు సరిగ్గా వాన వంక మీద ఉంది. పైన్నుంచి చూస్తే ఎప్పుడూ కనబడలేదు. డంపుని అటు పక్కకి జరిపాం. మూడు ముక్కలుగా కొత్త మ్యాపు గీయించాం, పైమట్టికి వేరే చోటు పెట్టాం, కంచె ఖర్చు చేర్చాం. ఒక్కటి అడగాలి. మొదటి ముక్క పైమట్టి వానలు పడ్డాక గీరాలా, ముందా?

నేల చూసే అక్క
ముందే, నేల పొడిగా ఉన్నప్పుడు. గీరే రోజు పొద్దున జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, అరచేతుల మధ్య సన్నటి పురికొసలా చుట్టి చూడండి. పొడిపొడిగా రాలిపోతే బండి దింపండి. తెగకుండా సాగిందంటే ఆరోజు పని ఆపేసి, ఎండనిచ్చి మళ్లీ చూడండి.