పాత బ్యాండ్‌సా: కోత ఏటవాలుగా పోతోంది, ఎక్కడ చూడాలి?

కాజీపేట గుమస్తా

అందరికీ నమస్కారం. సెలవు రోజుల్లో ఇంటి వెనుక రేకుల షెడ్డులో గ్రిల్లులు, స్టాండ్లు చేసుకుంటాను. హ్యాక్సా లాగి లాగి కుడి భుజం పట్టేయడంతో, రెండు నెలల క్రితం వరంగల్‌లో మూతపడిన ఒక వెల్డింగ్ షెడ్డు నుంచి ఇనుము కోసే పాత బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే బ్లేడు ఉన్న రంపం) కొన్నాను. బ్లేడు ఉన్న తల పైనుంచి మెల్లగా దిగుతూ కోసే చిన్న రకం. పదకొండు వేలు, ట్రాలీ ఆటోకు మరో ఆరు వందలు. కంపెనీ పలక ఎప్పుడో ఊడిపోయింది. బ్లేడు పొడవు దారం చుట్టి కొలిస్తే 1638 మిల్లీమీటర్లు, వెడల్పు అర అంగుళం.

ఇనుమును కదలకుండా పట్టుకునే వైస్ స్క్రూ తుప్పుతో బిగుసుకుపోతే రెండు రోజులు డీజిల్ పోసి నానబెట్టి, పానాకు పైపు తొడిగి తిప్పాను. మోటారు మూలుగుతూ నిలబడిపోయేది, పుల్లీని చేత్తో ఒక తోపు తోస్తే అందుకునేది. కెపాసిటర్ మార్చాక ఆ రోగం పోయింది. గేర్‌బాక్స్ మూత తీస్తే నూనె బదులు జీడిపాకం లాంటి నల్లటి ముద్ద ఉంది, అందులో పసుప్పచ్చని మెరుపు. చెంచాతో గోకి తీశాను (ఆ చెంచా సంగతి ఇంట్లో ఇంకా తెలియదు). ప్రస్తుతానికి బండికి పోయగా మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసి నడుపుతున్నాను.

అసలు బాధ ఇది. 50×50 చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల గోడ. కోత పైన గీత మీదే మొదలవుతుంది, అడుగుకు చేరేసరికి 3 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. వైస్‌ను మూలమట్టం పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. కొత్త బ్లేడు వేసినా అంతే. పైగా ఆ కొత్త బ్లేడు కొరకడమే లేదు. పైపు తెగడానికి పది నిమిషాలు పడుతోంది, కింద రాలేది పిండి లాంటి రజను. ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

గోదావరిఖని పాత ఫిట్టర్

తమ్ముడూ, ముందు ఆ వైస్‌ను వదిలిపెట్టు. కోతలో వంకర రెండు రకాలు. పైనుంచి చూసినప్పుడు కనిపించేది వైస్ తప్పు. పై నుంచి కిందికి జారేది బ్లేడు తప్పు, లేదా దాన్ని పట్టుకునే గైడ్‌ల తప్పు. నీది రెండోదని నువ్వు రాసిన దాన్ని బట్టే తెలుస్తోంది. అయినా నమ్మకు, కొలువు.

పైపుతో పరీక్ష చేయకు. 50 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ ముక్క సంపాదించు. ముందు దాని కొస ఒకసారి కోసి, కడ్డీని తిప్పకుండా పన్నెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపి మళ్ళీ కోయి. బిళ్ళ వస్తుంది... కాదు, ఆగు. అలా కోస్తే రెండు వైపులా ఒకే వంకర పడి బిళ్ళ మందం అంతటా సమానంగా వస్తుంది, నువ్వు అంతా బాగుందని మోసపోతావు. మొదటి కోత తర్వాత కడ్డీని సగం చుట్టు తిప్పి బిగించు. అప్పుడు వంకర రెట్టింపై కనిపిస్తుంది. బిళ్ళను వర్నియర్‌తో నాలుగు చోట్ల కొలువు. పైకీ కిందికీ తేడా వస్తే గైడ్‌లు, ముందుకూ వెనక్కూ తేడా వస్తే వైస్. తర్వాత కోసిన ముఖం మీద ఉక్కు స్కేలు అంచు ఆనించి వెలుతురుకు పట్టు. ముఖం తిన్నగా ఉండి ఒరిగి ఉంటే గైడ్ వాలింది. గిన్నెలా వంగి ఉంటే బ్లేడు దారి తప్పుతోంది, అంటే బిగువు చాలదు, లేదా తల బరువు ఎక్కువైంది, లేదా ఒక వైపు పళ్ళు మొద్దుబారాయి.

గైడ్ బేరింగులు ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూడు. బ్లేడుకు ఆనుతూ, వేలితో ప్రయత్నిస్తే కష్టం మీద తిరిగేంత బిగువు ఉండాలి. వాటిని పట్టుకునే బోల్టులలో కొన్నింటి నడుము పక్కకు జరిగి ఉంటుంది. బోల్టును తిప్పితే బేరింగు దగ్గరకూ దూరానికీ జరుగుతుంది. సరిచేసే వీలు దానికోసమే పెట్టారు. సుత్తి తీసుకోకు.

ఇక ఆ ఇంజన్ ఆయిల్ తీసేయ్. లోపల మెరిసింది బంగారం కాదు, అరిగిన కంచు గేరు. 90 నంబరు గేర్ ఆయిల్ పోయి. డబ్బా మీద జీఎల్-5 అని ఉన్నది వద్దు, జీఎల్-4 అడుగు. మొదటిదానిలో ఎక్కువగా ఉండే గంధకపు మందు వేడెక్కితే కంచును తింటుంది.

జమ్మికుంట వెల్డింగ్

ఇంత తిప్పలు ఎందుకు సార్? 355 మిల్లీమీటర్ల చక్రం ఉన్న కటాఫ్ మిషన్ కొనండి, పైపు నిమిషంలో తెగుతుంది.

కాజీపేట గుమస్తా

అది కూడా వాడి చూశాను సార్. నిప్పురవ్వలు ఎగిరి పక్కింటివాళ్ళ ఆరేసిన చీరకు రెండు చిల్లులు పడ్డాయి. ఆ చీర డబ్బులు కలిపితే బ్యాండ్‌సా చవకే.

సిరిసిల్ల మరమగ్గాల మెకానిక్

మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. మీ కొత్త బ్లేడు పళ్ళు తిరగబడి ఉన్నాయి. తిరిగే దిక్కుకు పళ్ళ మొనలు ముందుండాలి. కోత దగ్గర అవి మోటారు వైపు చూడాలి. మీవి అటు కాకుండా ఇటు చూస్తున్నాయి. పది నిమిషాలకూ పిండికీ కారణం అదే. బ్లేడు తీసి లోపలి వైపు బయటికి మడిచి వేయండి, దిక్కు మారుతుంది. చేతులకు తోలు తొడుగులు వేసుకోండి, విప్పేటప్పుడు పాములా ఎగురుతుంది. మిషన్ తిరిగేటప్పుడు మాత్రం తొడుగులు వద్దు, లాక్కుంటుంది.

గోదావరిఖని పాత ఫిట్టర్

సిరిసిల్ల తమ్ముడి కళ్ళు మంచివి. నేను ఫొటో తెరవనే లేదు.

కాజీపేట గుమస్తా

ఆదివారం అంతా దాని మీదే ఉన్నాను. బ్లేడు మడిచి వేయగానే అదే పైపు నిమిషంన్నరలో తెగింది. సిగ్గుగా ఉంది కానీ రాయక తప్పదు. వెనక్కి నడిచిన పది రోజుల్లో మొనలు కొంచెం మొద్దుబారినట్టున్నాయి, మరొకటి తెచ్చుకోవాలి.

బిళ్ళ పరీక్షలో పైన 12.9, కింద 10.3. ముందు, వెనుక రెండూ 11.6. స్కేలు ఆనిస్తే వెలుతురు ఎక్కడా రాలేదు. ఎడమ గైడ్ విప్పితే ఒక బేరింగు బిగుసుకుపోయి, బ్లేడు ఒరిసి ఒరిసి దాని గుండ్రటి ఒంటి మీద గోరు వెడల్పున చదునైన మచ్చ పడింది. లోపలి కొలత 10, బయట 30, మందం 9. దుకాణంలో చూపించగానే 6200 అన్నారు. ఇనుప రజను దూరకుండా రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవే నాలుగూ తెచ్చాను. గైడ్ బిగించే చోట పాత యజమాని మూడు పూతల రంగు వేసి ఉన్నాడు. ఆ రంగు గోకి తీస్తేగాని గైడ్ నిటారుగా కూర్చోలేదు. ఇప్పుడు బిళ్ళలో తేడా 0.2.

అన్నా, ఒక సందేహం. వేగం ఏ పుల్లీ మీద పెట్టాలి? మూడు మెట్లు ఉన్నాయి.

గోదావరిఖని పాత ఫిట్టర్

లెక్కపెట్టు. బ్లేడు మీద సుద్దముక్కతో గీత గీసి, నిమిషంలో ఎన్నిసార్లు నీ ముందు నుంచి వెళ్ళిందో చూడు. నీ బ్లేడు 1.64 మీటర్లు కాబట్టి 15 సార్లైతే నిమిషానికి 25 మీటర్లు, 22 సార్లైతే 36. నూనె లేకుండా మామూలు ఇనుముకు ఆ 36 చాలు. స్టెయిన్‌లెస్‌కు 25 దాటకు. పోత ఇనుమైతే నూనె చుక్క కూడా వేయకు, పొడిగానే కోయి.

2 మిల్లీమీటర్ల పైపుకు అంగుళానికి 24 పళ్ళ బ్లేడు తీసుకో. కనీసం రెండు పళ్ళైనా ఎప్పుడూ ఇనుములో ఉండాలి, లేకపోతే పన్ను గోడకు తగులుకుని విరుగుతుంది. ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ కోసేటప్పుడు మూల పైకి ఉండేలా, ఇంటి కప్పులా పెట్టు. కొత్త బ్లేడుతో మొదటి నాలుగైదు కోతలు తల బరువు తగ్గించి కోయి. పని అయ్యాక బిగువు వదులు చెయ్.

కాజీపేట గుమస్తా

బిగువు వదులు చేసి, స్విచ్ మీద ‘ముందు బిగించు’ అని అట్టముక్క కట్టాను. చెంచా సంగతి ఇంట్లో బయటపడింది. కొత్తది కొనిచ్చాను. పాతది ఇప్పుడు అధికారికంగా షెడ్డుదే.