పంపు సీల్స్ మార్చాక సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు

ప్రశ్న:
నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, నాజిళ్లకు డీజిల్ పంపేది బాష్ వీఈ రకం రోటరీ పంపు. పైమూత దగ్గర డీజిల్ కారుతుంటే పంపు దింపి, సీల్స్ మార్పించి తెచ్చాం. దింపేముందు ఫోటోలు తీసుకున్నాం, బిగించేటప్పుడు మార్కులు సరిగ్గా కలిపాం. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది. మొదట కాస్త దగ్గినట్టు చేసి ఆగింది, ఇప్పుడు అదీ లేదు. ఫిల్టర్ మీద ప్రైమర్ (డీజిల్ నింపే చేతి పంపు) గట్టిపడే దాకా కొట్టాం. టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) ఒక పన్ను జరిగి ఉంటుంది, మొత్తం విప్పాల్సిందే అంటున్నారు. నిజంగా విప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
బ్యాటరీ చూశారా? సెల్ఫ్ తిప్పేటప్పుడు ఓల్టేజీ బాగా పడిపోతే చెవికి బాగానే తిరిగినట్టుంటుంది గానీ డీజిల్ మండేంత వేడి పుట్టదు. ఈథర్ స్ప్రే మాత్రం కొట్టకండి. గ్లో ప్లగ్గులున్న (స్టార్టింగ్‌కి సిలిండర్ లోపల వేడెక్కే ప్లగ్గులు) ఇంజిన్‌లో అది ప్రమాదం.

జవాబు:
దయచేసి ఇప్పుడే ఏమీ విప్పకండి. ముందు ఒక్కటి చెప్పండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా? తెల్లగా దట్టంగా వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, కాలడం లేదు. అప్పుడు టైమింగ్, గ్లో ప్లగ్గులు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల పైపుల వరుస చూడాలి. పైపులు తారుమారైనా ఇదే జరుగుతుంది. పొగే లేకపోతే డీజిల్ నాజిల్ దాకా రావట్లేదు. అలాంటప్పుడు టైమింగ్ జోలికి వెళ్లడం దండగ, బాగున్నదాన్ని కూడా చెడగొట్టుకుంటారు.

అడిగినవారు:
పొగ అస్సలు లేదు.

జవాబు (పైన రాసినవారే):
అయితే వెతకాల్సింది పంపు దగ్గరే. తాళం ఆన్ చేసి, పంపు మీదున్న స్టాప్ సొలినాయిడ్ (కరెంటు వస్తే డీజిల్ దారి తెరిచే భాగం) వైరు తీసి పెట్టండి. టక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే ముందు కరెంటు వస్తోందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడండి.

అది బాగుంటే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. మొదట బుడగలతో నురుగులా వస్తుంది, గాలంతా పోయాక చిక్కగా ఉబికి వస్తుంది. అప్పుడు ఒక్కో నట్టు బిగించండి. చెయ్యి, ముఖం దగ్గరగా పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే ఉన్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం అది. సెల్ఫ్‌ని కూడా ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో చల్లారనివ్వండి. ఈ నట్లు వదిలే పద్ధతి మీలాంటి పాత పంపులకే, కామన్ రైల్ ఇంజిన్లకు పొరపాటున కూడా చేయొద్దు.

ఇక నా అసలు అనుమానం చెప్తాను. ఈ పంపుకి డీజిల్ వచ్చే చోట ఒకటి, మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి (రిటర్న్) పోయే చోట ఒకటి, రెండు బ్యాంజో బోల్టులుంటాయి, అంటే లోపల బోలుగా ఉండి డీజిల్‌ని పోనిచ్చేవి. చూడ్డానికి కవలలే. కానీ రిటర్న్ బోల్టు తల మీద 'ఔట్' అని ఆంగ్ల అక్షరాలుంటాయి, లోపల సూదిమొన పట్టేంత సన్నటి రంధ్రం ఉంటుంది. పంపు లోపల ప్రెషర్ నిలబడేది ఆ రంధ్రం వల్లే. రెండూ అటూ ఇటూ మారితే వచ్చే డీజిల్ దారి మూసుకుపోతుంది, వచ్చిన కాస్తా రిటర్న్‌లో జారిపోతుంది. ముందు దగ్గి తర్వాత చప్పబడిందంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

అడిగినవారు:
సొలినాయిడ్ టక్కుమంది. బోల్టులు విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే సన్న రంధ్రం ఉన్నది డీజిల్ వచ్చే వైపే ఉంది! పంపు అలాగే బిగించి ఇచ్చారు, మేము పైపులు కలిపామంతే. మార్చి, కొత్త రాగి వాషర్లు వేసి, నట్లు వదిలి గాలి తీశాం. కాసేపు తెల్లపొగ చిమ్మి అందుకుంది. కానీ చల్లగా ఉన్నప్పుడు టకటక చప్పుడు మునుపటికంటే ఎక్కువగా ఉంది.

జవాబు (పైన రాసినవారే):
చాలా సంతోషం! కాస్త గాలి మిగిలినా ఆ చప్పుడు వస్తుంది, కాబట్టి కొంతసేపు నడిపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఇప్పుడు టైమింగ్ చూడొచ్చు. మార్కు కలిసినంత మాత్రాన సరిపోదు. పంపు వెనక మధ్య ప్లగ్గు తీసి, డయల్ గేజ్ పెట్టి, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న కొలతకు సరిచేయించండి.