ఐసోమెట్రిక్‌ని ఇంకా 2డీలోనే గీయించాలా, 3డీ మోడల్ నుంచి తీయిస్తే సరిపోదా?

కాకినాడ మాస్టారు
వచ్చే టర్ముకి క్యాడ్ (కంప్యూటర్ మీద ఇంజనీరింగ్ బొమ్మలు గీసే) ల్యాబ్ ప్లాన్ రాయాలండీ. మా స్టాఫ్‌రూములో పేచీ అంతా ఒక్కదాని మీదే, వస్తువు మూడు ముఖాలనీ 30 డిగ్రీల వాలు గీతలతో ఒకే బొమ్మలో చూపే ఐసోమెట్రిక్ మీద. ఇన్నాళ్లూ డిప్లొమా పిల్లల చేత ఆటోక్యాడ్‌లో స్నాప్‌ని (కర్సరు పట్టుకునే గడుల సెట్టింగ్‌ని) ఐసోమెట్రిక్‌కి మార్పించి, ఎఫ్5 నొక్కుతూ పై ముఖం, కుడి ముఖం, ఎడమ ముఖం అని మారుస్తూ బొమ్మ గీయిస్తున్నాం. కొత్తగా వచ్చిన లెక్చరర్ గారు ఇదంతా దండగ అంటున్నారు. మొదటి నుంచీ 3డీ సాలిడ్ చేయించి ఫ్లాట్‌షాట్ (కనిపిస్తున్న 3డీ మోడల్‌ని 2డీ గీతలుగా తీసే ఆదేశం) కొట్టిస్తే అదే బొమ్మ క్షణంలో వస్తుందట. అలా వచ్చింది కంప్యూటర్ గీసిన బొమ్మ, పిల్లవాడు గీసింది కాదని నా వాదన. ప్రతి గీతా ఏ అక్షం వెంట పోతోందో ఆలోచించి గీయనివాడు రేపు ఎవరో గీసిన బొమ్మని చదవలేడు. పరిశ్రమలో ఉన్నవాళ్లు చెప్పండి, ఎవరి మాట సబబు?

బాలానగర్ టూల్‌రూమ్
ఏమనుకోకుండ్రి సార్, కొత్త సార్ చెప్పిందే కరెక్ట్. మా దగ్గర జిగ్గులు, ఫిక్చర్ల పని, అంటే మిషిన్ పనికి పీసును పట్టి ఉంచే పరికరాలు చేసుడు. 2డీల ఐసోమెట్రిక్ గీసేటోళ్లు ఇయ్యాల ఎవ్వలూ లేరు. మోడల్ ఉంటది, షీటు మీద ఒక మూలకు ఐసోమెట్రిక్ వ్యూ పడేస్తం, అయిపాయె. రేపు కస్టమర్ ఫోన్ చేసి ఆ డోవెల్ రంధ్రం 5 మి.మీ. పక్కకు జరుపు అంటడు. మోడల్ల జరిపితే అన్ని వ్యూలు వాటంతట అవే మారుతయ్. మీ పద్ధతిల అయితే ఆ రంధ్రం బొమ్మ జరపాలె, లోపల కనిపించే అంచు మళ్ల ట్రిమ్ చెయ్యాలె, ప్లాన్ల వేరే, ఎలివేషన్ల వేరే దిద్దాలె. అండ్ల ఒక్కటి తప్పిందనుకో, మిషిన్ మీద పీసు స్క్రాపే.

కాకినాడ మాస్టారు
మార్పులు సులువన్నది ఒప్పుకుంటాను. కానీ మీకు మోడల్ చేసేవాడు కావాలి, నాకు అది అర్థమైనవాడు తయారవ్వాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఐసోమెట్రిక్‌లో 20 మి.మీ. మందం చూపాలని 30 డిగ్రీల గీతకి ఆఫ్‌సెట్ (పక్కన సమాంతర గీత వేసే ఆదేశం) 20 కొడతాడు కుర్రాడు. ఆఫ్‌సెట్ లంబదూరం తీసుకుంటుంది కాబట్టి, అక్షం వెంట కొలిస్తే 23.09 వస్తుంది. 20ని సైన్ 60తో భాగించి చూడండి. అక్కడ ఆఫ్‌సెట్ కాదు, అక్షం వెంట కాపీ చేయాలి. మూలని గుండ్రం చేసే ఫిల్లెట్ కూడా అంతే, అక్కడ మామూలు వృత్తచాపం పెట్టేస్తుంది, ఉండాల్సింది దీర్ఘవృత్త ఖండం. ఐసోసర్కిల్ (ముఖానికి తగ్గ దీర్ఘవృత్తం) గీసి ట్రిమ్ చేయాల్సిందే. ఇవన్నీ తగిలినవాడికే ఈ బొమ్మలో కోణాలు నిజం కోణాలు కావని బుర్రకెక్కుతుంది.

రెండో ఏడు మెకానికల్
సార్, మా క్లాసులో చాలామందికి ఎక్కింది ఏంటంటే "ఆఫ్‌సెట్ వాడకూడదు" అని మాత్రమే. ఎందుకో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఐసోసర్కిల్ కూడా అంతే, తప్పు ముఖం మీద పడితే సరిగ్గా కనిపించేదాకా ఎఫ్5 కొడుతూ ఉంటాం 🙂

బాలానగర్ టూల్‌రూమ్
గదే నేననేది! తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పిండు.

బెజవాడ ప్లంబింగ్ డ్రాఫ్టర్
"ఎవ్వలూ గీయట్లేదు" అన్న మాట దగ్గర ఆగండి బాలానగర్ అన్నా. మాది చిన్న ఆఫీసు. అపార్టుమెంట్లకి నీళ్ల లైన్లు, డ్రైనేజీ, ఫైర్ లైన్లు వేస్తాం. మా సిస్టముల్లో ఉన్నది ఆటోక్యాడ్ ఎల్‌టీ. అందులో సాలిడ్ మోడలింగే లేదు, ఫ్లాట్‌షాట్ అసలే లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఒక్కో అంతస్తుకి దిగే పైపులన్నీ ఐసోమెట్రిక్‌లోనే చూపిస్తాం, చేత్తోనే గీస్తాం. అక్షరాలకి 30, మైనస్ 30 వాలు ఇచ్చి ముఖానికి అతికినట్టు పెట్టడం, కొలత గీతలని అలైన్డ్‌లో (గీతకి సమాంతరంగా) పెట్టి తర్వాత ఆబ్లిక్ చేయడం (అక్షం వైపు వాల్చడం) రాని కుర్రాడు మా దగ్గరికి వస్తే మొదటి నెలంతా అవే నేర్పాలి. పూర్తి ప్యాకేజీ కొనుక్కోండి అని సలహా ఇవ్వకండి, లైసెన్సు డబ్బులు మీరు కట్టరు కదా.

బాలానగర్ టూల్‌రూమ్
ఫ్రీకాడ్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉత్తగనే వస్తది కదన్నా.

బెజవాడ ప్లంబింగ్ డ్రాఫ్టర్
వస్తుంది. ఆర్కిటెక్టు పంపే డీడబ్ల్యూజీలు (ఆటోక్యాడ్ ఫైళ్లు) అందులో తెరిచి, దిద్ది, మళ్లీ వెనక్కి పంపి చూడు, అప్పుడు మాట్లాడుకుందాం.

జుబైల్ పైపింగ్ చెకర్
మాస్టారూ, నాది వేరే గొడవ. రోజూ నా బల్ల మీదికి వచ్చేవి ఐసోలే, అంటే పైపు లైన్ల ఐసోమెట్రిక్ షీట్లే. విశాఖలో రిఫైనరీ పనుల్లో ఉన్నప్పుడూ అదే పని, ఇక్కడ సౌదీలోనూ అదే. వాటిని ఇప్పుడు మనుషులు గీయరు. ప్లాంట్ మోడల్ నుంచి ఐసోజెన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కో లైనుకీ షీటు తీసి, మెటీరియల్ జాబితా, వెల్డు నంబర్లు వేసి ఇచ్చేస్తుంది. ఆ లెక్కన బాలానగర్ తమ్ముడు గెలిచినట్టే.

కానీ ఆ షీటు మీద బొమ్మ స్కేలుకి ఉండదు. 12 మీటర్ల పైపూ, 200 మి.మీ. ముక్కా ఒకే పొడవున కనిపించవచ్చు. చదివేవాడికి ఆధారాలు ఉత్తరం బాణం, ఎలివేషన్ (ఎత్తు) అంకెలు, రాసిన కొలతలు, అంతే. ఇక ఏటవాలు పైపు సంగతి. ఒక లైను తూర్పు వైపు 300, ఉత్తరం వైపు 400 ఒకేసారి జరుగుతోంది అనుకోండి. పైపు అసలు పొడవు 500. ఉత్తరం బాణం ఎడమవైపు పైకి ఉన్న షీటులో అదే కొలతలతో స్కేలుకి గీసినా, కాగితం మీద ఆ గీతని కొలిస్తే 361 వస్తుంది. తూర్పుకి బదులు పడమరకి జరిగితే 608. రెండూ తప్పే, ఎందుకంటే ఐసోమెట్రిక్‌లో మూడు అక్షాల వెంట తప్ప ఇంకెటూ కొలవకూడదు. అందుకే ఆ మలుపు దగ్గర గీతలు నింపిన త్రికోణం వేసి, రెండు జరుగుళ్లూ విడివిడిగా రాస్తారు. ఆ త్రికోణం అడ్డంగా పడుకుందా, నిలువుగా నిలబడిందా అన్నది ఫిట్టర్‌కి తెలియకపోతే ఎల్బో (పైపు మలుపు ముక్క) తప్పు దిక్కుకి తిరుగుతుంది.

ఇది ఎఫ్5 నొక్కడం వల్ల రాదు. ఫ్లాట్‌షాట్ వల్ల అసలు రాదు. పెన్సిల్‌తో ఐసోమెట్రిక్ గడుల కాగితం మీద వేగంగా స్కెచ్ వేసినవాడికి వస్తుంది. సైట్‌లో మోడల్ ప్రకారం పైపు పోవడం కుదరక, అడ్డం వచ్చిన కేబుల్ ట్రేని తప్పించి లైను తిప్పినప్పుడు, కొత్త దారిని ఆ షీటు వెనకే పెన్నుతో గీసి ఇవ్వాలి. అక్కడ లాప్‌టాప్ తెరిచేవాడు లేడు. అందుకే నా మాట: పెన్సిల్ స్కెచ్ ఉంచండి, 3డీ ఉంచండి, మధ్యలో ఆటోక్యాడ్ 2డీ ఐసోమెట్రిక్‌ని తీసేయండి. దానికి చేతి స్కెచ్ వేగమూ లేదు, మోడల్‌కున్న దిద్దుబాటు సౌకర్యమూ లేదు.

ఇంకోటి, సరదాకి. ఈ పద్ధతిని 1822లో కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ విలియం ఫారిష్ రాసి పెట్టాడు. పాఠానికి వాడే యంత్రాల నమూనాలని విప్పి, మళ్లీ బిగించాల్సిన సహాయకులకి అర్థమయ్యే బొమ్మ కావాలని. అప్పుడూ చివరికి బిగించేవాడి కోసమే.

కాకినాడ మాస్టారు
361, 608 లెక్క రేపు బోర్డు మీద వేస్తాను, బాగుంది. అయితే చేత్తో గీసే క్లాసులో కూడా ఒక లోపం ఉందండీ. వృత్తానికి నాలుగు కేంద్రాల పద్ధతి (దీర్ఘవృత్తానికి బదులు నాలుగు చాపాలు కలిపి గీయడం) నేర్పుతాం. 100 మి.మీ. వృత్తానికి అసలు దీర్ఘవృత్తం పెద్ద అక్షం 122.5, చిన్నది 70.7. నాలుగు కేంద్రాలతో గీస్తే 115.5, 73.2 వస్తాయి. ఐసోసర్కిల్ నిజమైన దీర్ఘవృత్తం ఇస్తుంది. అంటే 2డీ ఐసోమెట్రిక్ మరీ అంత పనికిరానిది కాదు.

జుబైల్ పైపింగ్ చెకర్
నిజమే. కానీ స్కెచ్‌లో ఆ 7 మి.మీ. తేడాకి ఎవడి ప్రాణమూ పోదు మాస్టారూ. రంధ్రం ఏ ముఖం మీద ఉందో తెలిస్తే చాలు.

రెండో ఏడు మెకానికల్
సార్, ఫ్లాట్‌షాట్ గురించి ఒక డౌట్. 100 మి.మీ. ఘనం చేసి సౌత్‌ఈస్ట్ ఐసోమెట్రిక్‌లో ఫ్లాట్‌షాట్ కొట్టాను. మొదట నలిగిపోయినట్టు వచ్చింది, టాప్ వ్యూలోకి వెళ్తే సరైంది. కానీ అంచు కొలిస్తే 81.65 చూపిస్తోంది. 2డీలో గీస్తే 100 ఉంటుంది. పరీక్షలో ఏది రాయాలి?

కాకినాడ మాస్టారు
చూశారా? ఇందుకే నా భయం. బాబూ, నీకు వచ్చింది ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్. అందులో అక్షాల వెంట పొడవులు 2/3 యొక్క వర్గమూలం వంతుకి, అంటే 0.8165 వంతుకి తగ్గుతాయి. మనం క్లాసులో గీసేది ఐసోమెట్రిక్ డ్రాయింగ్, అందులో అసలు కొలతలే వాడతాం. ఫ్లాట్‌షాట్ బొమ్మని 1.2247 రెట్లు స్కేల్ చేస్తే రెండూ ఒకటవుతాయి. ప్రశ్నలో ఏమడిగారో చదివి రాయి. గోళం వస్తే మరీ జాగ్రత్త. ప్రొజెక్షన్‌లో గోళం తన అసలు వ్యాసంతోనే వృత్తంలా కనిపిస్తుంది, డ్రాయింగ్‌లో ఆ వృత్తం వ్యాసం 1.2247 రెట్లు ఉండాలి.

బాలానగర్ టూల్‌రూమ్
గా కొలత కోసం స్కేల్ చేసుడు ఎందుకు? సాలిడ్‌వర్క్స్‌ల డ్రాయింగ్ వ్యూకు డైమెన్షన్ ట్రూ (అసలు పొడవు), ప్రొజెక్టెడ్ (బొమ్మ మీది పొడవు) అని రెండు రకాలుంటయ్. ట్రూ పెడితే 100 అనే చూపిస్తది.

కాకినాడ మాస్టారు
చూపిస్తుందండీ. ట్రూ అంటే ఏంటో, ప్రొజెక్టెడ్ అంటే ఏంటో తెలియనివాడు ఏది పెడతాడు?

బాలానగర్ టూల్‌రూమ్
...సరే, గిది పాయింటే. కానీ దాన్ని సమజ్ చేసేందుకు టర్మంతా ఎఫ్5 కొట్టుడు అవసరం లేదు. ఆ పిలగాడు ఫ్లాట్‌షాట్ కొట్టి, కొలిచి, 81.65 ఎందుకని అడిగిండు చూడుండ్రి. గదే పాఠం. 3డీ చెయ్యకపోతే ఆ సవాలే పుట్టకపోవు.

బెజవాడ ప్లంబింగ్ డ్రాఫ్టర్
ఇది మాత్రం కరెక్టే అన్నా. అయినా ఎల్‌టీ వాడే మాలాంటివాళ్ల దగ్గరికి వచ్చే పిల్లల్ని గాలికొదిలేయకండి.

కాకినాడ మాస్టారు
ఇప్పటికి ఇలా రాసుకున్నాను. మొదట గడుల కాగితం మీద పెన్సిల్ స్కెచ్‌లు, అందులో పైపింగ్ చెకర్ గారి ఏటవాలు పైపు ఒకటి. తర్వాత 3డీ, ఫ్లాట్‌షాట్, మోడల్ మారిస్తే వ్యూలు వాటంతటవే మారాలి కాబట్టి, మోడల్‌కి ముడిపడ్డ వ్యూలు పెట్టే వ్యూబేస్ ఆదేశం కూడా. 2డీ ఐసోమెట్రిక్‌కి రెండు ల్యాబులు ఉంచుతున్నాను, అందులో ఐసోసర్కిల్, అక్షరాల వాలు, ఆబ్లిక్ కొలతలు.

బాలానగర్ టూల్‌రూమ్
రెండు ఎందుకు సార్, ఒకటి చాలు.

బెజవాడ ప్లంబింగ్ డ్రాఫ్టర్
రెండూ ఉంచండి మాస్టారూ. రెండోదాంట్లో ఘనాలు, పెట్టెలు కాకుండా మూడంతస్తుల బాత్రూం లైను ఒకటి ఇవ్వండి. కావాలంటే మా దగ్గరున్న పాత షీటు ఒకటి పేర్లు తీసేసి పంపుతాను.