అప్‌డేట్: ఏడేళ్ల బాబు మళ్లీ పక్క తడపడానికి కారణం తెలిసింది
మేము విడిపోయిన నాలుగు నెలలకు బాబు మళ్లీ పక్క తడపసాగాడని, అది విడాకుల ప్రభావమేమోనని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ, ముఖ్యంగా ముందు మూత్రపరీక్ష చేయించమన్నవారికి కృతజ్ఞతలు. అందులో చక్కెర గానీ ఇన్ఫెక్షన్ గానీ లేవు. పిల్లల వైద్యురాలు పొట్ట నొక్కి చూసి మలబద్ధకమని తేల్చారు. పేరుకున్న మలం మూత్రాశయాన్ని ఒత్తుతుండటంతో అందులో చోటు తగ్గిపోతుందట. వాడు రోజూ మరుగుదొడ్డికి వెళ్తూనే ఉన్నాడు కనుక నాకు ఆ అనుమానమే రాలేదు. మలాన్ని మెత్తబరిచే మందు ఇస్తూ, భోజనమయ్యాక పాదాల కింద చిన్న పీట వేసి కాసేపు మరుగుదొడ్డిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టిన ఆరు వారాలకు దుప్పట్లు ఆరబెట్టే పని తప్పింది. సాయంత్రం నీళ్లు తగ్గించడం, అర్ధరాత్రి లేపడం మాకు పనికిరాలేదు. రెండోది ఒంటరిగా చూసుకునే నా నిద్రను మాత్రం చెడగొట్టింది. మందు హఠాత్తుగా ఆపవద్దన్నారు కనుక ఇంకా కొనసాగిస్తున్నాను.