అకిలిస్ నొప్పి పూర్తిగ పోలే, ట్రయాథ్లాన్ ట్రైనింగ్ మళ్లీ ఎట్ల మొదలుపెట్టాలె?

పానగల్లు_గట్టు:
అన్నలూ, సంగతి సూటిగ రాస్తున్న. ఎడమ మడమ వెనక అకిలిస్ టెండన్, అంటే పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది, ఎనిమిది నెలల సంది సతాయిస్తున్నది. రెస్ట్ ఇస్తే తగ్గుతది, నాలుగు రోజులు ఉరికితే మళ్లా వస్తది. గురి 70.3 అనే ట్రయాథ్లాన్ పోటీ, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఇప్పుడు పరుగు ఒక్కటే బంద్. ఈత వారానికి మూడు సార్లు, 12 మీటర్ల వెడల్పున్న బాయిల. సైకిల్ శని, ఆదివారాలు. ఉరుకుడు ఆపి ఆరు వారాలైనా పొద్దుగాల మంచం దిగితే మొదటి పది అడుగులు కుంటుడే. ఎందుకు తగ్గుతలేదు?

కోయిల్‌సాగర్_ఈత:
జవాబు నీ ప్రశ్నలనే ఉంది తమ్మీ. పరుగు బంద్ పెట్టినవ్ గని పిక్కకు పని బంద్ పెట్టలే. లెక్క చూడు: 12 మీటర్ల బాయిల 1.9 కిలోమీటర్లు ఈదాలంటే దగ్గర దగ్గర 157 సార్లు గోడను తన్నాలె. 25 మీటర్ల పూల్‌ల అయితే 75, 50 మీటర్లదైతే 37. తన్నిన ప్రతిసారి మడమ మడిచి ఒక్క ఊపున సాపుతం. అది పండుకొని దుంకినట్టే. పైంగ రాతి గోడ సందుల్ల వేళ్లే ఆనుతయి, మడమ గాలిల ఉంటది. అంటే మొత్తం గుంజుడు టెండన్ మీదనే. ఈత అయినంక తడి మెట్లు ముని వేళ్ల మీద ఎక్కుడు వేరే ఉండె.

గోడ దగ్గర చేత్తో ముట్టి తిరుగు, కాలుతోని తన్నకు. తన్నక తప్పదంటే కుడికాలు ఒక్కదానితోని. పుల్ బాయ్, అంటే నీళ్ల మీద తేలే స్పాంజి దిమ్మె, తొడల నడుమ పెట్టుకుంటే కాళ్లకు పని తక్కువైతది. ఫిన్స్, అంటే పాదాలకు తొడిగే రబ్బరు రెక్కల జోలికి ఇప్పుడే పోకు, పాదాన్ని సాపి గట్టిగ కొట్టిస్తయి. అన్నిటికంటె మేలు నడుముకు రబ్బరు కట్టేసుకొని ఉన్న జాగలనే ఈదుడు, అది వేరే రాస్త.

సాగర్_రోడ్డు:
సైకిల్ సంగతి నేను చెప్త. సీటు ఎక్కువ ఎత్తుంటే కింది పెడల్ అందుకోనీకి వేళ్లు కిందికి వంచుతం, పిక్క బిగుస్తది. మరీ తక్కువుంటే తొక్కేటప్పుడు మడమ కిందికి జారి టెండన్ సాగుతది. రెండూ చెడుపే.

కొలత ఇట్ల: చెప్పులు లేకుండ గోడకు ఆని నిలబడి, కాళ్ల నడుమ లావు పుస్తకం పైకి గట్టిగ నొక్కి, నేల నుంచి పుస్తకం పై అంచు దాక కొలవాలె. దాన్ని 0.883తోని గుణిస్తే వచ్చేది క్రాంక్ (పెడల్ కడ్డీ) తిరిగే ఇరుసు నడుమ నుంచి సీటు పైభాగం దాక ఉండాల్సిన ఎత్తు. 80 సెంటీమీటర్లు వస్తే 70.6. ఇది మొదలుపెట్టేటందుకు అంకె మాత్రమే. అక్కడికెళ్లి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున జరుపుకుంట చూడాలె. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటే సరిపోతది.

ఇంకొకటి, క్లీట్, అంటే బూటును పెడల్‌కు పట్టి ఉంచే అడుగు బిళ్ల. దాన్ని మడమ దిక్కు 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఎనకకు జరుపు. వేళ్ల మీద కాకుండ పాదం నడుమకు దగ్గర తొక్కితే పిక్కకు పని తగ్గుతది. విప్పే ముందు పాత జాగ చుట్టు మార్కర్‌తోని గీత గియ్యి, లేకుంటే ఎనకకు రానీకి ఆధారం ఉండదు. రెండు బూట్లకు ఒక్కతీరుగ జరపాలె. జరిపినంక సీటు 3 మిల్లీమీటర్లు దించాలె, ఇది చాలమంది మర్చిపోతరు.

సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఎడమకాలు విప్పుడు అలవాటైతే మార్చుకో. మడమ మెలిపెట్టి విప్పి, మునివేళ్ల మీద బండి బరువు ఆపుడు, మళ్లా నూకుడు, అన్నీ నొప్పి కాలు మీదనే పడుతున్నయి. కోతల టైంల రోడ్డు మీద వడ్లు ఎండబోస్తరు, చుట్టు రాళ్లు పెడ్తరు. అక్కడ ఆగుడు, దుంకుడు ఇంకా ఎక్కువ.

పిక్క_బలం:
ఇద్దరూ చెప్పింది సరే. మడమకు మూడు ఆటలకు మూడు ఖాతాలు ఉండవు, ఒక్కటే ఖాతా. అయితే ముందు నొప్పి ఎక్కడో తేల్చుకోండి. రెండు వేళ్లతో టెండన్‌ను పక్కల నుంచి నొక్కుకుంటూ పైకి వెళ్లండి. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి, కాస్త లావు తగిలితే అది నడిమి భాగం. ఎముక అంచు మీదే నొప్పి ఉంటే అతుకు దగ్గరిది. వైద్యం ఒకటి కాదు.

రెండో పరీక్ష: గోడకు వేలు ఆనించి ఒంటికాలి మీద మడమ పైకి లేపండి. మోకాలు వంచకుండా, ఎత్తు తగ్గకుండా ఎన్ని వస్తాయో రెండు కాళ్లకూ రాయండి.

పానగల్లు_గట్టు:
నొప్పి ఎముకకు 4 సెంటీమీటర్ల పైన. కుడి 27, ఎడమ 11.

పిక్క_బలం:
11తో పరుగు వద్దు. ఇన్ని నెలలు ఎందుకు తిరగబెడుతున్నదో ఈ అంకెలే చెప్తున్నాయి. రెస్ట్‌తో నొప్పి తగ్గింది, బలం తగ్గింది, మళ్లీ ఉరికితే పాత బరువే పడ్డది. ఊపిరి, గుండె నెలలో తిరిగి వస్తాయి. టెండన్‌కు 12 వారాలు కనీసం.

స్వీడన్ డాక్టర్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతిలో మెట్టు అంచున మడమ కిందికి దించడమే ఉంటుంది. మోకాలు చాచి 15 చొప్పున 3 సెట్లు, వంచి 3 సెట్లు, రోజుకు రెండు పూటలు. రోజుకు 180. పనిచేస్తుంది, కానీ మూడు ఆటలు చేసేవాళ్లు ఆ లెక్క నిలబెట్టలేరు. వారానికి మూడు రోజులు బరువుతో, నిలబడి కొంత, కూర్చుని కొంత, మడమ మెల్లగా లేపి దించే పద్ధతిదీ దాదాపు అదే ఫలితం. సెట్లు ఇలా: మొదటి వారం 3 సెట్లు 15 చొప్పున, 2, 3 వారాలు 3 సెట్లు 12 చొప్పున, 4, 5 వారాలు 4 సెట్లు 10, ఆ తర్వాత మూడు వారాలు 8, చివరి నాలుగు వారాలు 6. అంకె తగ్గేకొద్దీ బరువు పెరగాలి. చివరి రెండూ కష్టంగా రావాలి, లేకపోతే బరువు చాలదు. పైకి 3 సెకన్లు, కిందికి 3 సెకన్లు. సెట్టుకు సెట్టుకు నడుమ 2, 3 నిమిషాలు.

జిమ్ లేకపోతే: నిలబడి చేసేదానికి బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు, సీసాకు ఒక కిలో. కూర్చుని చేసేదానికి 25 కిలోల బియ్యం సంచి మోకాలి పైన తొడ చివర, కింద మడత పెట్టిన తువ్వాల. రెండోదాన్ని వదలొద్దు. మోకాలు వంచినప్పుడు పనిచేసేది పిక్క లోపలి కండరం, సోలియస్. పరుగులో దాని మీద పడేది శరీర బరువుకు 6 నుంచి 8 రెట్లు.

నొప్పి లెక్క: 10కి 5 వరకు చేసేటప్పుడు ఉన్నా ఫరవాలేదు. మరునాడు పొద్దునకు మామూలుకు రావాలి. వారం వారం పొద్దుటి బిగుతు పెరగకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా బరువు కాదు, ముందు సెట్లు తగ్గించండి.

పాలమూరు_పరుగు:
ఇదంతా మంచిగుంది గని స్ట్రెచింగ్ మాట ఎవరూ ఎత్తుతలేరు. మెట్టు మీద మడమ వేలాడదీసి రోజు రెండు పూటలు ఒక నిమిషం ఆపితే బిగువు పోతది.

పిక్క_బలం:
అప్పటికి హాయిగా ఉంటుంది, టెండన్ బలం మాత్రం పెరగదు. అతుకు దగ్గరి నొప్పి ఉన్నవాళ్లకైతే చెడు చేస్తుంది. మడమ దించినకొద్దీ టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. వాళ్లు మెట్టు అంచున చేయకూడదు, నేల మీదే లేపాలి, నేల కంటే కిందికి దించకూడదు. గొంతుక్కూర్చోవడం కూడా అదే ఒత్తిడి, నేల మట్టం లెట్రిన్ ఉన్న ఇండ్లలో ఇది రోజువారీ కారణం. కమోడ్ దొరికితే కొన్ని వారాలు అదే వాడండి. ఇంట్లో బండల మీద ఒట్టి కాళ్లతో తిరగకుండా మడమ కాస్త ఎత్తున్న చెప్పులు వేసుకోండి.

పాలమూరు_పరుగు:
సరే, ఒప్పుకున్న. మరి షూ?

పిక్క_బలం:
మడమకు, వేళ్లకు 8 నుంచి 12 మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉన్నది. చదునుగా ఉండేవి ఇప్పుడు వద్దు.

మునుగోడు_నీళ్లు:
మన జిల్లాల్ల ఇది కూడ గుర్తుంచుకోవాలె. నల్లగొండ జిల్లల మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు ఏండ్ల తరబడి బోరు నీళ్లు తాగినోళ్లకు ఫ్లోరైడ్‌తోని కీళ్ల చుట్టున్న లిగమెంట్లు, టెండన్ ఎముకకు అతికే చోట్లు గట్టిపడుతయి. మడమతోపాటు నడుము, మెడ కూడ పట్టేస్తే ఎక్సర్‌సైజు కంటె ముందు ఎక్స్‌రే తీయించాలె. ట్రైనింగ్‌ల రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతం కాబట్టి దారిల కనపడ్డ బోరు దగ్గర సీసాలు నింపుడు బంద్ చెయ్యుండ్రి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, క్యాండిల్ ఫిల్టర్‌తోని పోదు, ఆర్వోతోని పోతది. పటిక, సున్నంతోని తీసే పద్ధతికి దేశం మొత్తం నల్లగొండ టెక్నిక్ అనే పేరు. అట్ల వచ్చింది మనకు పేరు!

పిక్క_బలం:
మంచి మాట గుర్తుచేశారు. పొద్దుటి బిగుతు అరగంట దాటినా, రెండు మడమలూ ఒకేసారి పట్టినా, నడుము కూడా పొద్దునే బిగిసినా కీళ్లవాత డాక్టర్‌ను కలవాలి. షుగర్ ఉన్నవాళ్లకు టెండన్ మెల్లగా మానుతుంది.

మందుల షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ జోలికి పోవద్దు. ఈ జాతి యాంటీబయోటిక్‌లు టెండన్ తెగే ప్రమాదం పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు వివరాల కాగితం మీద గీతల పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. విరేచనాలకో మూత్రంలో మంటకో డాక్టర్ రాసేటప్పుడు టెండన్ నొప్పి ఉందని ముందే చెప్పండి. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ మింగి ఎండలో లాంగ్ రైడ్ చేస్తే కిడ్నీలకు దెబ్బ, పైగా నొప్పి లెక్క అబద్ధం చెప్తుంది.

మడమ మీద ఎవరో ఎనక నుంచి తన్నినట్టు టప్పున అయితే బోర్లా పడుకొని పాదం మంచం అంచు బయట పెట్టి పిక్కను పిసికించండి. పాదం కదలకపోతే టెండన్ తెగినట్టే అనుకొని అదే రోజు ఆసుపత్రికి.

సాగర్_రోడ్డు:
పరుగు మళ్లా ఎప్పుడు, ఎట్ల? బరువులు ఒక దినం, పరుగు ఒక దినం పెట్టుకుంటే అయితది గద.

పిక్క_బలం:
కాదు, అక్కడే చాలమంది పడతారు. గట్టి బరువు పడ్డ తర్వాత టెండన్‌కు కనీసం 48 గంటలు కావాలి. దినం తప్పి దినం మార్చుకుంటూ పోతే టెండన్‌కు ఖాళీ రోజే ఉండదు. పరుగు పొద్దున, బరువులు సాయంత్రం, అదే రోజు. మిగతా రోజులు ఈత, సైకిల్, రెస్ట్. మొదట్లో వారానికి రెండే పరుగులు: సోమ, గురు. బరువుల మూడో రోజు శనివారం, పరుగు లేకుండా. ఆదివారం పరుగు కలిపితే సోమవారంతో గుద్దుకుంటుంది. మూడో పరుగు కలిపే దశ వస్తే మంగళ, గురు, ఆదివారాలకు మార్చి, బరువులూ ఆ రోజులకే తేవాలి.

పరుగు మొదలుపెట్టే ముందు మడమ లేపే పరీక్షలో ఎడమ కాలు 20 దాటాలి, కుడి కాలుకు బాగా దగ్గరికి రావాలి. 40 నిమిషాలు వడిగా నడిస్తే నొప్పి 2 దాటకూడదు. ఒంటికాలి మీద 20 గెంతులు, మరునాడు బిగుతు పెరగకుండా. అప్పుడు 1 నిమిషం ఉరికి 2 నిమిషాలు నడక, 8 సార్లు. తర్వాత 2కు 2, 6 సార్లు. 3కు 1, 6 సార్లు. 5కు 1, 4 సార్లు. 8కు 1, 3 సార్లు. ఒక్కో మెట్టు రెండు సార్లు శుభ్రంగా దాటితేనే పైది. మాట్లాడగలిగే వేగం. ఎత్తులు, స్పీడు ఆఖరున. సైకిల్ దిగి వెంటనే ఉరికేది, అదే బ్రిక్, 30 నిమిషాలు ఆపకుండా ఉరికే దాకా వద్దు. తొక్కి తొక్కి అలసిన పిక్క భారాన్ని టెండన్ మీదికి తోస్తుంది.

పాలమూరు_పరుగు:
జాగ సంగతి: రోడ్డు అంచు వాలు మీద ఎప్పుడూ ఒక్క దిక్కే ఉరికితే ఒక మడమ లోపలికి, ఒకటి బయటికి వంగుతది. గ్రౌండ్‌ల ఉరికినా రౌండు రౌండుకు కాకపోయినా దినం దినం దిక్కు మార్చాలె. చెరువు కట్ట మీది మెత్తటి ఇసుక మంచిదనుకుంటరు. మడమ దిగబడి టెండన్ ఇంకా సాగుతది.

పానగల్లు_గట్టు:
అర్థమైంది అన్నలూ. కట్టేసుకొని ఈదుడు ఎట్లనో చెప్తనన్నరు కోయిల్‌సాగర్ అన్నా.

కోయిల్‌సాగర్_ఈత:
పాత సైకిల్ ట్యూబులు మూడు. వాల్వు దగ్గర కోసి పారెయ్యి, మిగిలిన ముక్కలు ఒకదానికొకటి ముడి. ముడి తడిస్తే జారుతది, కొసలు చేతెడు వదిలి వాటి మీద నూలు దారం చుట్టు. ఒక కొస వెడల్పాటి నడుం పట్టీకి, ఎనక నడుము మీద. సన్నటి తాడైతే కోస్తది. ఇంకో కొస బాయి మెట్ల ఇనుప కొక్కేనికి, నీళ్ల మట్టానికి జానెడు పైన. మరీ పైన కడితే నడుమును ఎత్తి కాళ్లు ముంచుతది. పుల్ బాయ్ పెట్టుకొని 3 నిమిషాలు ఈత, 30 సెకన్లు ఆగుడు, 10 సార్లు. మోటర్ పైపులకు, కరెంటు తీగెకు అవతలి దిక్కు కట్టు, మోటర్ బంద్ చేపియ్యి. గట్టు మీద ఒక మనిషి లేకుండ దిగకు. మెట్లు ఎక్కేటప్పుడు పాదం మొత్తం పెట్టి, కుడికాలు ముందు.